జీతానికి ఆడిన జట్టు

బంతి తన్నినందుకు నాకు కొన్ని నెలలపాటు జీతం ఇచ్చారంటే మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నమ్మరు. మనవలు పడీపడీ నవ్వుతారు. "మతలబ్, అంటే నువ్వు ప్రొఫెషనలా తాతా?" అని అడుగుతారు. అవునంటాను. అంతకు మించి చెప్పను. చెప్పడం మొదలుపెడితే ఆ జట్టు ఎలా పోయిందో కూడా చెప్పాల్సి వస్తుంది. ఇక్కడ రాయడానికి మాత్రం భయం లేదు. వాళ్ళు తెలుగు గడగడా మాట్లాడతారు కానీ, చదవమంటే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరవాత, చేపల వేటకి మనుషులు కావాలని విశాఖపట్నం పైనున్న తీరం నుంచి మా కుటుంబాల్ని ఈ దీవులకి తీసుకొచ్చారు. ఓడ దిగేనాటికి నాకు ఇంకా మీసాలు రాలేదు. మా వాడలోనే ఉండే ఒక ఇంటివాళ్ళు కూడా అదే ఓడలో వచ్చారు. వాళ్ళబ్బాయి నాకు వరసకి బావ. ఇద్దరం ఒకే ఈడు. ఓడ మీద ఐదు రోజులూ గుడ్డపేలికల బంతి తన్నుకుంటూనే గడిపాం. ఆ బంతి ఎన్నోసార్లు సముద్రంలో పడబోయింది. ప్రతిసారీ అతని ఎడమకాలు ముందుకొచ్చి ఆపేది.

ఇక్కడికొచ్చాక మా నాన్నలతో కలిసి వేటకి వెళ్ళేవాళ్ళం. సాయంత్రం సముద్రం నీరు వెనక్కి తీసినప్పుడు గట్టిపడిన ఇసుక మీద ఆడేవాళ్ళం. చెప్పుల్లేవు, గోలుపోస్టుల్లేవు. అలా కొన్నేళ్ళు గడిచాక ఒక సాయంత్రం ఒక జీపు వచ్చి ఒడ్డున ఆగింది. అందులో ఉన్నది కలప కాంట్రాక్టరు. అడవిలో చెట్లు కొట్టించి, ఏనుగులతో దుంగలు లాగించి, ఓడలకెక్కించే మనిషి. అందరూ సేఠ్ అనేవారు. కలకత్తాలో పెరిగాడు కాబట్టి ఫుట్‌బాల్ అంటే ఆయనకి పిచ్చి. జీపు దిగకుండానే చీకటి పడేదాకా చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన గుమస్తా మా ఇంటికొచ్చాడు. పొద్దుట సేఠ్ కలప డిపోలో దుంగలకి నంబర్లు వెయ్యాలి, మధ్యాహ్నం నుంచి ఆట, నెలనెలా జీతం. ఒక్కటే షరతు. వేటకి వెళ్ళకూడదు. పడవ లాగితే కాళ్ళు బరువెక్కుతాయని సేఠ్ నమ్మకం.

అమ్మ చేపలు తోముతున్నదల్లా చెయ్యాపి, "బంతి తన్నితే జీతమేటి? ఆ సేఠుకి మతిగాని పోనాదేటి?" అంది.

నాన్న కాసేపు ఆలోచించాడు. "ఎల్లనీవే. సముద్రం ఎక్కడికీ పోదు. ఈ జీతం పోతే మళ్ళీ రాదు" అన్నాడు.

అలా పదకొండుమంది తయారయ్యాం. ఆరుగురు మా తీరంవాళ్ళు. మిగతావాళ్ళలో మెకానిక్కులున్నారు, ఒక వంటవాడున్నాడు. కెప్టెన్ సెంటర్ హాఫ్ ఆడేవాడు. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఆయనది. ఆదివారం ఆరాధన అయ్యాకగానీ బూట్లు ముట్టుకునేవాడు కాదు. ఆటకి ముందు మమ్మల్నందరినీ చుట్టూ నిలబెట్టి తెలుగులో ప్రార్థన చేసేవాడు. మేం హిందువులమైనా కళ్ళు మూసుకునేవాళ్ళం. నేను లెఫ్ట్ హాఫ్. బంతి అందుకుని, నా ముందు ఎడమగీత వెంబడి పరిగెత్తే లెఫ్ట్ అవుట్‌కి అందించడం నా పని. ఆ లెఫ్ట్ అవుట్ మా బావే.

ఆస్టినాబాద్ దగ్గర చెట్లు కొట్టేసిన చోట, ఏనుగుల చేత దుంగలు అటూ ఇటూ లాగించి సేఠ్ మైదానం చదును చేయించాడు. పదకొండు పసుపుపచ్చ బనీన్లు కలకత్తా నుంచి తెప్పించాడు. పదకొండే. పన్నెండోది లేదు.

ఆ దీవుల్లో డబ్బు తీసుకుని ఆడిన మొదటి జట్టు మాదేనని అప్పట్లో జనం చెప్పుకునేవారు. నిజమో కాదో నాకు తెలియదు. వానలు వెనకబట్టాక మొదలుపెట్టాం. ఓడల సిబ్బంది మీద ఆడాం, పోలీసుల మీద ఆడాం, ఆఫీసు గుమస్తాల మీద ఆడాం. మొదటి రెండు ఆటలూ చిత్తుగా ఓడిపోయాం. బూట్లు వేసుకుని పరిగెత్తడం మాకు చేతకాలేదు. మూడో ఆటకి బూట్లు తీసి గట్టున పెట్టేశాం. అక్కణ్ణుంచి చాలా రోజులు ఓటమి ఎరగం. బజార్లో నడుస్తుంటే హోటలువాళ్ళు పిలిచి టీ ఇచ్చేవారు. మా అమ్మ కూడా తలకి గుడ్డ కప్పుకుని చెట్లకింద ఆడవాళ్ళ గుంపులో కూర్చుని చూసేది.

మా ఇద్దరి మధ్యా ఉన్న సంగతి చెప్పాలి. నేను తలెత్తి చూసేవాణ్ణి కాదు. బంతి నా కాలికి తగలగానే ముందు నుంచి "బావా" అని వినబడేది. గట్టిగా కూడా కాదు. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తే అక్కడికి తన్నేవాణ్ణి. అతను అక్కడ ఉండేవాడు.

మాఘమాసం దాటి ఎండలు మొదలయ్యాయి. చేపలు బాగా పడుతున్నాయని వాడంతా చెప్పుకుంటున్నారు. అతనికి అప్పటికే పెళ్ళయింది. షరతు సంగతి తెలిసి కూడా, ఒక తెల్లవారుజామున ఒక్కడే డుంగీ వేసుకుని వెళ్ళాడు. ఇక్కడ చిన్న పడవని డుంగీ అంటారు. ఆరోజు గాలి లేదు, కెరటం లేదు. మధ్యాహ్నానికి పడవ దొరికింది. బోల్తా పడలేదు. వల మడత విప్పలేదు. తాగేనీళ్ళ డబ్బా మూత పెట్టినట్టే ఉంది. మనిషి లేడు.

మూడు రోజులు వెతికాం. వాడలో పడవలన్నీ కదిలాయి. నేను ముందు తెడ్డు దగ్గర కూర్చుని నీళ్ళలోకి చూస్తూనే ఉన్నాను. ఇక్కడి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో చూసినవాళ్ళకే తెలుసు. అడుగున రాళ్ళు కనిపిస్తాయి, ఆ రాళ్ళ మధ్య తిరిగే చేపలు కనిపిస్తాయి. అంత కనిపించే చోట మనిషి కనిపించకపోవడం నాకు అర్థం కాలేదు.

అతను పోయిన పదో రోజున ఒక ఓడ సిబ్బందితో ఆట ఉంది. మానేద్దామన్నాడు గోల్‌కీపరు. మాట ఇచ్చేశానన్నాడు సేఠ్. చివరికి కెప్టెన్ చెప్పాడు.

"పదిమందిమే ఆడదాం. ఆయన చోటు ఖాళీగా ఉంచుదాం. ఈ ఒక్క ఆటకీ."

అందరం ఒప్పుకున్నాం. కెప్టెన్ ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసి మైదానంలోకి నడిచాడు.

ఆట మొదలైన కాసేపటికి బంతి నా కాలికి తగిలింది. నేను తలెత్తలేదు. ఎడమగీత వైపు తన్నేశాను. తన్నాకగానీ నాకు తెలియలేదు. బంతి దొర్లుకుంటూ పోయింది. బయటికి పోవాల్సిన బంతి, గీతకి జానెడు ఇవతల, ఎవరో కాలు అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది. గడ్డి అక్కడ ఎత్తుగా ఉందేమో. మైదానం చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా మాట ఆపేశారు. ఓడవాళ్ళు కూడా ఆ బంతి దగ్గరికి వెంటనే వెళ్ళలేదు.

రెండోసారి బంతి అందినప్పుడు "బావా" అని విన్నాను. అది నా చెవి చేసిన పని అని ఇప్పుడు అనుకుంటాను. ఆరోజు అలా అనుకోలేదు. మళ్ళీ అటే తన్నాను.

ఆ ఆట గెలిచాం. ఆట అయ్యాక మా వంటవాడు టీ గ్లాసులు పదకొండు పెట్టాడు. పదకొండోది ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు ప్రాక్టీసులో కూడా అలాగే పెట్టాడు. ఇక అదే అలవాటైపోయింది. గోల్ కొట్టినప్పుడల్లా సెంటర్ ఫార్వర్డ్ ఎడమగీత వైపు తిరిగి చెయ్యెత్తేవాడు. బస్సెక్కితే ఒక సీటు వదిలేవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు ఇలా చెయ్యమని. బయట మనుషులకి చెబితే పిచ్చి అంటారని తెలుసు. లోపల మాత్రం అందరికీ ఒకటే నమ్మకం, అతను వస్తున్నాడని.

రెండు ఆటలు అలా అయ్యాక సేఠ్ ఊరుకోలేదు. "పదకొండుమంది ఆడే ఆట పదిమందితో ఆడించుకోవడానికి నేనేం పిచ్చోణ్ణా?" అని హిందీలో అరిచాడు. తుష్నాబాద్ నుంచి ఒక మనిషిని పట్టుకొచ్చాడు. మా ఈడువాడే. వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇంట్లో హిందీ, బజార్లో నేర్చుకున్న తెలుగు. మొదటిరోజే మమ్మల్నందరినీ దాటేసి పరిగెత్తాడు. నిజం చెప్పాలంటే మా బావకంటే వేగం ఎక్కువ.

అతనికి బనీను కావాలి. పదకొండోది మా బావ ఇంట్లో ఉంది. తీసుకురమ్మని నన్నే పంపారు.

బావ భార్య నాకు చెల్లెలి వరస. నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. బనీను పెరట్లో తాడు మీద ఆరేసి ఉంది. నీళ్ళు కారుతోంది.

"ఇప్పుడే ఉతికావా?" అన్నాను, ఏం మాట్లాడాలో తెలియక.

"రోజూ ఉతుకుతున్నానన్నా. ఒంటినిండా చెమట వాసనేసుకుని ఇంటికొచ్చీవోడు కదా. ఇప్పుడు ఎంతుతికినా ఉప్పువాసన పోవటం నేదు."

వచ్చిన పని చెప్పాను. ఆమె లేచి, బనీను తీసి, నీళ్ళు పిండి, మడతపెట్టి నా చేతికిచ్చింది. దారంతా నా చొక్కాకి ఆ తడి అంటుకుంది.

తుష్నాబాద్ మనిషి ఆ బనీను వేసుకుని ఆడిన మొదటి ఆటలో అతనికి ఒక్క బంతి కూడా అందలేదు. మేం ఇవ్వలేదు. ఇవ్వకూడదని మాట్లాడుకోలేదు. బంతి నా కాలికి రాగానే కుడివైపు తన్నేవాణ్ణి. అతను గీత వెంబడి పైకీ కిందకీ పరిగెత్తుతూనే ఉన్నాడు. చెయ్యెత్తాడు. "భయ్యా, ఇధర్!" అని, బంతి ఇటివ్వమని అరిచాడు. అతని గొంతు నాకు బాగానే వినబడింది.

రెండో ఆట కూడా అంతే. ఆట అయ్యాక నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

"భయ్యా, నా గల్తీ ఏంటి, ఏం తప్పు చేసినా? చెప్పు. నేర్చుకుంటా."

నేను బొటనవేలి గోరు చూసుకుంటూ కూర్చున్నాను. వంటవాడు టీ తెచ్చాడు. గ్లాసులు పదకొండే. అందులో ఒకటి ఖాళీ చోటు ముందు పెట్టాడు. తుష్నాబాద్ మనిషి ముందు పెట్టలేదు. అతను ఆ గ్లాసు కేసి చూశాడు, మా మొహాలు చూశాడు. బస్సు టైమైందని చెప్పి వెళ్ళిపోయాడు. కెప్టెన్ కూడా చూస్తూనే ఉన్నాడు. ప్రతి ఆదివారం ప్రార్థన చేసే మనిషి, ఆరోజు తల దించుకుని తన టీ తాను తాగాడు.

మూడోది పోలీసుల మీద. ఆ ఎండాకాలానికి అదే పెద్ద ఆట. ఊరు ఊరంతా వచ్చింది. గరాచర్మ నుంచి కూడా జనం నడిచి వచ్చారు. సగం ఆట అయ్యేదాకా తుష్నాబాద్ మనిషికి బంతి తగల్లేదు. అప్పుడు అతను ఇక మమ్మల్ని అడగడం మానేశాడు. పోలీసుల ఆటగాడి కాళ్ళ దగ్గర్నుంచి తనే బంతి లాక్కున్నాడు. ఒక్కడే ముగ్గుర్ని దాటాడు. గీత చివరిదాకా వెళ్ళి, గోలు ముందుకి బంతి ఎత్తాడు. అంత చక్కటి బంతి మా బావ కూడా ఎప్పుడూ ఎత్తలేదు. సెంటర్ ఫార్వర్డ్ నుదురు అడ్డం పెడితే చాలు, గోలు. అతను కదల్లేదు. చేతులు వేలాడేసి నిలబడ్డాడు. బంతి అతని తల మీదుగా అవతలికి పోయింది.

జనంలోంచి ఎవరో "అరే, ఏం చేస్తున్నార్రా!" అని అరిచారు.

తుష్నాబాద్ మనిషి అక్కడే ఆగిపోయాడు. తరవాత బనీను విప్పాడు. నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద పెట్టుకుని, చేతుల్ని లోపలికి మడిచి, చదును చేసి, గీత మీద పెట్టాడు. లేచి ఒంటిమీద చొక్కా లేకుండానే జనం మధ్యలోంచి రోడ్డు మీదికి నడిచి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. అతను నడిచిన వైపు జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఆ దారి కాసేపటిదాకా మూసుకోలేదు.

అప్పుడు చెట్లకింద నుంచి మా చెల్లెలు, అదే బావ భార్య, లేచింది. మైదానంలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టని రోజులవి. నేరుగా వచ్చి ఆ బనీను తీసుకుంది. నేను దగ్గరగానే ఉన్నాను.

"ఆయన సచ్చిపోనాడన్నా," అంది. గొంతు వణకలేదు. "నాను ఒప్పుకున్నాను. మీరే ఒప్పుకోనేదు. ఆ బిడ్డేటి పాపం సేసినాడు? బతికున్నోడు అంతలా పరిగెడతంటే మీకు కనబడనేదేటి?"

ఆమె బనీను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. రిఫరీ ఆట ఆపేశాడు. మేం ఓడిపోయినట్టు ప్రకటించారు.

ఆ తరవాత మేం మళ్ళీ ఆడలేదు. వానలు దిగాయి. సేఠ్ కలకత్తా వెళ్ళి తిరిగి రాలేదు. కలప పని ఇంకెవరికో పోయిందన్నారు. గుమస్తా డిపో తలుపులు మూసేశాడు. ఒక ఎండాకాలంతో జట్టు అయిపోయింది. ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. రోడ్డు మీద ఎదురుపడితే పలకరించుకునేవాళ్ళం కానీ ఎక్కడా నిలబడి మాట్లాడుకోలేదు. కెప్టెన్ తన చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. ఆయన పోయేదాకా ఆ ఆట సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. ఊరుకోలేకపోవడానికి కారణం మా బావ కాదు. అతని గొంతు ఆ పోలీసుల ఆటతో ఆగిపోయింది. దాని బదులు "భయ్యా, ఇధర్" అని వినబడేది. వల లాగుతున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, ఎడమపక్కన వినబడేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. బతికున్న మనిషి గొంతు అలా వెంటాడుతుందని నాకు అంతకుముందు తెలియదు.

రెండు నెలలు ఓర్చుకుని, వాన తెరిపిచ్చిన ఒకరోజు బస్సెక్కి తుష్నాబాద్ వెళ్ళాను. అతను పొలంలో నారు కట్టలు విసురుతున్నాడు. నన్ను చూసి గట్టు మీదికొచ్చాడు. కోపంగా లేడు. నేను వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్టున్నాడు.

"తప్పు చేశాం," అన్నాను. బస్సులో కూర్చుని ఎన్నో మాటలు అనుకున్నాను. నోటికి అదొక్కటే వచ్చింది.

అతను చేతులకంటిన మట్టి గడ్డికి రాసుకున్నాడు. "భయ్యా, ఆరోజు ఇంటికొచ్చి మా అమ్మని అడిగినా. అమ్మా, నేను నీకు కనిపిస్తున్నానా అని. తను ఏడ్చింది. జ్వరం అనుకుంది."

నేను గట్టు మీద అతని పక్కన కూర్చున్నాను.

"సచ్, నిజంగానే. నాకు డౌట్ వచ్చింది. గ్రౌండ్ మీద నేనే లేనేమో అని. ఇంకెవరో ఉన్నారు, మీరందరూ ఆయన్ని చూస్తున్నారు. నా లోపల్నుంచి అవతలికి చూస్తున్నారు."

వాళ్ళమ్మ నన్ను లోపలికి పిలిచి అన్నం పెట్టింది. నేనెవరో ఆమెకి అతను చెప్పలేదు. దోస్త్ అన్నాడు, అంతే. ఆకులో మెతుకు మిగల్చకుండా తిన్నాను. వస్తుంటే మళ్ళీ ఆడతావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఆడలేదు కూడా. అంత వేగం ఉన్న మనిషి, ఆ తరవాత జన్మలో బంతి ముట్టుకోలేదు.

మా చెల్లెలు ఇక్కడే ఉండిపోయింది. ఎండుచేపల పని చేసి కూతుర్ని చదివించింది. బావ పోయేటప్పటికి ఆ బిడ్డ కడుపులో ఉందని మాకెవరికీ తెలియదు. ఆమెకీ తెలిసి ఉండదు. ఆ మైదానం చాలా ఏళ్ళు తుప్పలు పట్టి ఉండి, తరవాత ప్లాట్లుగా తెగిపోయింది. నేను గరాచర్మలో ఇల్లు కట్టుకున్నాను. ఏ పని మీదైనా ఆస్టినాబాద్ వెళ్ళాల్సి వస్తే ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళతాను.

తుష్నాబాద్ మనిషీ నేనూ పండక్కీ పబ్బానికీ కలుస్తూనే వచ్చాం. దగ్గరి స్నేహమని చెప్పలేను. అతను కూరగాయలు పంపేవాడు, నేను చేపలు పంపేవాణ్ణి. కిందటేడు తన మనవరాలి పెళ్ళికి పిలవడానికి మా ఇంటికొచ్చాడు. పెళ్ళికి వెళ్ళాను. పందిట్లో నా చెయ్యి పట్టుకుని, పెళ్ళికొడుకు వైపు వాళ్ళందరి దగ్గరికీ తిప్పాడు. ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పాడు.

"ఈ భయ్యా, నేను, ఒకే టీమ్. అప్పట్లో జీతం ఇచ్చేవాళ్ళు మాకు. నాకు పాస్‌లన్నీ ఈయనే ఇచ్చేవాడు."

నేను అతని మొహంలోకి చూశాను. ఎగతాళి ఏమన్నా ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే అలా గుర్తుపెట్టుకున్నాడో, కొత్త చుట్టాల ముందు అలా చెప్పుకోవాలనుకున్నాడో, నన్ను క్షమించాడో తెలియలేదు. పెళ్ళివాళ్ళు నవ్వుతూ నాకేసి చూస్తున్నారు.

"అవును," అన్నాను. "చాలా వేగంగా పరిగెత్తేవాడు."